నర్సయ్య గారి మిరప

కళ్లు నలుపుకోకండి

మిరప మీద పనిచేయడానికి కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటే: కళ్లు నలుపుకోకండి. చెప్పినా వినరు. మొదటి వారంలో ప్రతివాడూ ఒకసారి నలుపుకుంటాడు, బోరింగు దగ్గరకు పరిగెత్తుతాడు, ఆ తర్వాత జన్మంతా జాగ్రత్తగా ఉంటాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య మెట్ట చేలల్లో, తొంభైల మొదట్లోంచి దాదాపు ఇరవై ఏళ్లపాటు నేను చేసిన పని మిరప వంగడాలను ఏరడం. ఆఫీసు ఆర్డర్లలో ఆ ఉద్యోగానికి చాలా పొడుగు పేరు ఉండేది. మా ఆవిడ మాత్రం ఎవరైనా అడిగితే, “ఈయన మిరపకాయలకు సంబంధాలు చూస్తారండీ” అని నవ్వేది. అంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేదు. ఒక మొక్క పుప్పొడి తీసి ఇంకో మొక్క పువ్వుకు అద్దడం, పుట్టిన సంతానంలో పనికొచ్చేవి ఉంచుకోవడం, మిగతావి పీకేయడం. పీకేసేవే ఎక్కువ. మెత్తని మనసున్నవాళ్లు ఈ పనికి రాకపోతే మంచిది.

ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇక్కడ రాయను. వాటిని తలుచుకుంటే ఒంటికి మంచిది కాదు. నేను తలుచుకునేది వేరే ఉంది. మంచు ఆరకముందు మిరప చేలోకి అడుగుపెడితే పంచెకు తగిలి ఆకులు విడిచే పచ్చి వాసన ఒకటుంటుంది. దానిమీద నాకు ఇప్పటికీ బెంగే. రిటైరయ్యాక డాబా మీద కుండీల్లో మిరప వేశాను. కాయలు కాశాయి గానీ ఆ వాసన రాలేదు. దానికి చేను కావాలి.

పెద్దసారు

మా మిరప పరిశోధన కేంద్రానికి పెద్దసారు ఒకాయన ఉండేవారు. సన్నగా, ఎప్పుడూ ఎండలో నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉండేవారు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో సగం మంది ఆయన్ని తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. కానీ నాకు మొక్కను చూడటం నేర్పింది ఆయనే.

కాయ చూసి మురిసిపోతే ఆయనకు ఒళ్లు మండేది. “కాయ తల్లిదయ్యా. తండ్రెవరో గింజలో ఉంటుంది. అది వచ్చే ఏడుగానీ నీకు కనపడదు. ఈలోపల తొందరపడకు,” అనేవారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే సగం చదువు వచ్చినట్టే. మిరప పువ్వు మామూలుగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కానీ తేనెటీగ ఊరుకోదు. పక్క చేలో పుప్పొడి కాళ్లకు అంటించుకొచ్చి ఈ పువ్వు మీద వాలుతుంది. అప్పుడు కట్టిన కాయ తల్లి కాయలాగే ఎర్రగా, ముడతలుగా ఉంటుంది. లోపల గింజలు మాత్రం పరాయి సంబంధం. కంటికి ఏమీ తెలియదు.

మొక్కలకు పేర్లు పెట్టనిచ్చేవారు కాదు. నంబర్లే. “పేరు పెట్టావంటే దాని మీద ప్రేమ పుడుతుంది. ప్రేమ పుడితే పీకలేవు,” అనేవారు. ఆయన మాట తప్పని నేను అనను. కానీ ఒక్కసారి మాత్రం పేరున్న మిరప కోసమే పనిచేశాను. ఆ పేరు నేను పెట్టింది కాదు.

కల్లంలో ఏరిన కాయలు

తొంభైల మధ్యలో, మిరప కల్లాలు ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో, నందిగామ అవతల ఒక మెట్ట ఊరి నుంచి సామ్రాజ్యమ్మ గారని ఒకావిడ మా కేంద్రానికి వచ్చింది. యాభై దాటిన మనిషి. బస్సు దిగి ఎండన పడి నడిచి వచ్చిందేమో మొహమంతా చెమట. తెల్ల కండువాలో కట్టిన మూట విప్పి నా బల్ల మీద పరిచింది. అన్నీ ఎండుమిరపకాయలు. ఒకటి పొడుగు, ఒకటి గిడస. ఒకటి నున్నగా, ఒకటి ముడతలుగా. కొన్ని ముదురెరుపు, కొన్ని ఇటుక రంగు.

“మా చేనుకి తెగులు పట్టింది సారూ. ఇదంతా ఒకే ఇత్తనం. ఇట్టా కాసింది. మందేదన్నా రాయండి,” అంది.

తెగులు కాదని చూడగానే తెలిసింది. కూర్చోబెట్టి అడిగాను. ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది.

ఆవిడ భర్త నర్సయ్య గారు మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. వాళ్లింట్లో మిరప విత్తనం ఆయన తండ్రి నాటి నుంచీ బయట కొన్నది లేదు. ఊళ్లో దాన్ని నర్సయ్య మిరప అనేవాళ్లు. కురచ మొక్క, నీళ్లు పెట్టకపోయినా తట్టుకుంటుంది. ముదురెరుపు రంగు. నూనెలో వేస్తే ఘాటు కాకుండా ఒక కమ్మని వాసన వచ్చేది. కారం నాలుక మీద వెంటనే తగలదు, ముద్ద మింగాక మెల్లగా వస్తుంది. ఆయన ఉన్నప్పుడు చేలోనే మంచి మొక్కలకు దారం కట్టుకుని, వాటి కాయలే విత్తనానికి తీసేవారు. ఆయన పోయిన ఏడు ఆవిడ అందరూ చేసే పనే చేసింది. కల్లంలో కుప్పలోంచి నిగనిగలాడే కాయలు ఏరి విత్తనానికి పెట్టింది. ఆ ఏడే పక్క చేలో వాళ్లు కొత్త హైబ్రిడ్ మిరప వేశారు.

“మరుసటేడు ఎంత బాగా వచ్చిందనుకున్నారు! కొన్ని మొక్కలు నా నడుము దాకా పెరిగినయ్. ఆయన పైనుంచి చూస్తున్నాడు అనుకున్నా. ఆ మొక్కల కాయలే ఏరిపెట్టా. చిన్నయ్యన్నీ ఇంట్లో కారానికి కొట్టిచ్చా.”

నేను తల పట్టుకున్నాను. నడుము దాకా పెరిగినవన్నీ హైబ్రిడ్ పుప్పొడికి పుట్టినవి. కొత్త సంకరానికి మొదటి ఏడు ఉండే ఊపు అది. వాటి పక్కన చిన్నగా కనిపించినవే అసలు నర్సయ్య మిరప. మంచివి ఏరుతున్నానని ఆవిడ పరాయివి దాచింది, సొంతవి రోట్లో వేసింది. మన మెట్ట ఊళ్లలో ఈ పని చేయని ఇల్లు లేదు. కల్లంలో కాయ కనపడుతుంది, మొక్క కనపడదు. కాబట్టి ఆవిడ తప్పు అనడానికి నాకు నోరు రాలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. చెప్పాను. మొహం పాలిపోయింది. చాలాసేపు కాయల్ని చేత్తో కెలుకుతూ కూర్చుంది.

“అయితే ఆయన మిరపని మేమే తినేశామా సారూ?”

పంపకాలు

ఇది ఎందుకు జరిగిందో పుస్తకంలో మీరంతా చదువుకున్నారు. క్షయకరణ విభజన అని పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నారు. చేలో నిలబడి ఒక మనిషికి చెప్పాల్సి వచ్చినప్పుడుగానీ అది మనకు నిజంగా తెలుసో లేదో తేలదు. నాకు ఆ రోజు తేలింది. మొదట క్రోమోజోములు అని మొదలుపెట్టాను. ఆవిడ మర్యాదగా తల ఊపింది. ఏమీ అర్థం కాలేదని నాకు అర్థమైంది.

అప్పుడు ఆస్తి పంపకాల్లోకి దిగాను. “మీ ఇళ్లల్లో చీట్లు వేసి పంచుకుంటారు కదమ్మా. మిరప మొక్కలోనూ అంతే. దానికి ఉన్న గుణాలన్నీ పన్నెండు జతల పోగుల్లో ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఆ మొక్క తన పుప్పొడి తయారు చేసుకునేటప్పుడు రెండూ పంపదు. జతకు ఒకటే పంపుతుంది. తల్లిదా తండ్రిదా అన్నది చీటీ. ఒక జత చీటీకి ఇంకో జత చీటీతో సంబంధం లేదు. ఇట్లా పన్నెండు చీట్లు పడతాయి.”

“పన్నెండేగా. ఎన్ని రకాలొస్తయ్?”

“నాలుగు వేల పైచిలుకు రకాలు.”

ఆవిడ నన్ను మోసగాణ్ణి చూసినట్టు చూసింది. కాగితం మీద రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది అని పన్నెండు చీట్లకూ రెట్టించి చూపించాను. అక్కడితో ఆగదు. విడిపోయే ముందు ఆ జత పోగులు రెండూ పక్కపక్కన అతుక్కుని ముక్కలు మార్చుకుంటాయి. వాటాలు పంచుకునే అన్నదమ్ములు నీ చెక్క నాకిచ్చి నా చెక్క నువ్వు తీసుకో అని మార్చుకున్నట్టు. కాబట్టి పిల్లకు అందే పోగు తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు, రెండిటి అతుకు. అటు పుప్పొడిలో ఇన్ని రకాలు, ఇటు అండంలో ఇన్ని రకాలు. ఏది దేనితో కలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

నర్సయ్య మిరప ఇన్నాళ్లూ ఒకేలా ఎందుకు వచ్చిందంటే, తరతరాలుగా తనలో తనే కలిసి దాని జతలు రెండు వైపులా దాదాపు ఒకటే అయిపోయాయి. చీటీ ఎటు పడ్డా ఒకటే. పరాయి పుప్పొడి వచ్చాక ప్రతి జతలో రెండు వైపులా వేరయ్యాయి. అక్కణ్ణుంచి చీట్లకు పని పడింది.

“అయితే ఆయనదంతా పోయినట్టేనా?” అని అడిగింది.

“పోలేదమ్మా. ఈ కాయల్లోనే ఉంది. ముక్కలై తలా ఒక మొక్కలోకి వెళ్లింది.”

“ఉన్నదంటున్నారుగా. మరి కలపండి,” అంది సామ్రాజ్యమ్మ గారు.

అంత సూటిగా నన్ను ఇంకెవరూ ఏదీ అడగలేదు. నాకప్పుడు ముప్ఫై అయిదేళ్లు. సరే అన్నాను.

చూడని మొక్క

పెద్దసారుకు చెబితే విసుక్కున్నారు. “ఒక్క ఇంటి మిరప కోసం మన కేంద్రం లేదయ్యా. అసలుది లేకుండా పోయాక దాన్ని మళ్లీ కట్టలేవు. అది నీకు తెలియదా?” అన్నారు. తెలుసు. ఆఖరికి, “నీ ఆదివారాలు నీ ఇష్టం,” అన్నారు. ఆయన భాషలో అది అనుమతి.

ఆవిడ చేలోనే ఒక మూల మడి చేశాం. ముదురెరుపు కాయల గింజలు ఒక చాలు, వాసన ఉన్నవి ఒక చాలు, కురచ మొక్కలవి ఒక చాలు. పూత రాగానే తేనెటీగ వాలకుండా కొమ్మలకు గుడ్డ సంచులు కట్టాలి. పల్చని గుడ్డ అయితే గాలి ఆడుతుంది. ఆవిడ నర్సయ్య గారి పాత పంచెలు చించి ఆ సంచులు కుట్టింది. నేను అడగలేదు. మిషను ముందు కూర్చుని కుడుతూ, “దాచి ఏం చేసుకుంటా, పురుగు కొట్టేస్తది,” అంది. మడి నిండా ఆ తెల్ల సంచులు కట్టాం.

వరుసగా కొన్నేళ్లు అదే పని. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, మొక్కా మొక్కా చూడటం, నచ్చినదానికి సంచి కట్టడం, నచ్చనిది పీకడం. సారూ అనే ఆవిడ ఎప్పుడో తమ్ముడూ అనడం మొదలుపెట్టింది, నేను అక్కా అన్నాను. కొత్త మొక్క కాపుకొచ్చిన ప్రతిసారీ నాలుగు కాయలు నూనెలో వేయించి చూసేది. నేను పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఆవిడ మొహం చూస్తుండేవాణ్ణి.

“రంగు ఆయనదే. వాసన లేదు.”

“వాసన ఉంది. కారం ముందే మీద పడుతోంది.”

“ఇది దగ్గరికొచ్చింది తమ్ముడూ… ఊహూ.”

ఆ ఊహూ కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణంటే మీరు నవ్వుతారు. నిజానికి నేను ఆ మిరపను ఏనాడూ చూడలేదు. రుచి చూడలేదు. నా కొలత ఆవిడ నాలుక ఒక్కటే. చూడని మొక్క కోసం మనసు ఇంతగా కొట్టుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. కేంద్రంలో వందల రకాలు నా చేతుల మీద పోయాయి. ఒక్కదాని కోసమూ నేను అట్లా తపించలేదు.

తరాలు గడిచేకొద్దీ చీట్ల ఆట తగ్గుతుంది. జతలు మళ్లీ ఒకటవుతాయి, మొక్క కుదురుకుంటుంది. అయితే అది తనకు నచ్చిన చోట కుదురుకుంటుంది, మనం అడిగిన చోట కాదు. రెండు వేల సంవత్సరం దాటాక మా మడిలో మూడు రకాలు నిలిచాయి. ఒకదానికి రంగు, ఒకదానికి వాసన, ఒకదానికి ఆ ఆలస్యంగా వచ్చే కారం. మూడూ ఉన్న మొక్క ఒక్కటీ రాలేదు.

రిటైరయ్యే ముందు పెద్దసారు ఒకసారి ఆ మడి చూడటానికి వచ్చారు. రంగు ఉన్న రకం ముందు చాలాసేపు నిలబడ్డారు. అది మేమెవరమూ అనుకోని మొక్క. హైబ్రిడ్ నుంచి దిగుబడి, నర్సయ్య మిరప నుంచి రంగు, ఎండకు తట్టుకునే ఓపిక తెచ్చుకుంది. గింజలు కేంద్రానికి కావాలన్నారు. “పోయినదాని కోసం నువ్వు ఏడుస్తూ కూచున్నావు. ఇక్కడ కొత్తది పుట్టింది చూసుకోలేదు. చీట్లు పడకపోతే ఇది ఎక్కడిది?” అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. మన వృత్తికి తిండి పెట్టేదే ఆ చీట్లు. అవి లేకపోతే లోకంలో అన్ని మిరపలూ ఒకటే, ఒక్క తెగులుకు అన్నీ పోతాయి. మీకు నేను ఇచ్చే సలహా కూడా ఆయన పక్షానే: పోయినదాన్ని వెతకబోయి ఎదురుగా ఉన్నదాన్ని వదులుకోకండి. సలహా ఇవ్వడం తేలికే. ఆ రోజు ఆయన వెళ్లాక నేను గట్టు మీద కూర్చుని, వాసన ఉన్న చాలు వైపే చూస్తూ ఉండిపోయాను.

తిథి రోజు

ఆ మరుసటి ఏడు నర్సయ్య గారి తిథికి అక్క నన్ను భోజనానికి పిలిచింది. ఆయనకు గోంగూర పచ్చడి ప్రాణమట. అందులోకి ఎండుమిరప ఆయన చేలోదే పడాలట. “ఇన్నేళ్లూ ఆయన పేరుమీద కొట్టు మిరపకాయలతో చేశా తమ్ముడూ. ముద్ద దిగలేదు,” అంది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మొక్కలో కలవకపోతే పోయె, మూకుట్లో కలుపుదాం అన్నాను. మూడు రకాలూ తలా గుప్పెడు నూనెలో వేయించి, కలిపి నూరింది.

పిల్లలు ముగ్గురూ వచ్చారు. పెద్దవాడు జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు. కూతురిది మైలవరం, టీచరు. చిన్నవాడు కంచికచర్లలో పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. అందరం చాప మీద కూర్చున్నాం. అక్క మొదటి ముద్ద తను తిని కళ్లు మూసుకుంది. నేను ముందుకు వంగాను.

“ఎట్టా ఉందక్కా?”

“అన్నీ ఉన్నయ్ తమ్ముడూ. రంగుంది, వాసనుంది, కారం కూడా అట్టాగే ఎనకమాల్నే వస్తోంది.” ఇంకో ముద్ద పెట్టుకుంది. “అయినా అది కాదు.”

పిల్లలు తినడం ఆపి చూశారు. ఆవిడ వాళ్ల వైపు తిరిగింది.

“పెద్దాడు వసారాలో మాట్లాడతంటే నేను లోపల ఉలిక్కిపడతా, అచ్చం ఆయన గొంతే. దీని నడక ఆయనది. చిన్నాడికి కోపం వస్తే ముక్కు అదరటం ఆయనదే. ముగ్గుర్నీ పక్కపక్కన కూచోబెట్టా చూడు. ఆయన రాలేదుగా.”

“ఊరుకోవే అమ్మా,” అన్నాడు పెద్దవాడు. ఆ గొంతు వినగానే ఆవిడ కళ్లు తుడుచుకుంది. పుస్తకాల్లో అంత చదివాను, ఆవిడ చెప్పినంత తిన్నగా ఎక్కడా లేదు. నాకు ఏడుపు వచ్చింది.

కాసేపటికి తనే తేరుకుని అడిగింది. “ఈ మూడింటినీ ఇన్నాళ్లూ యేరేరుగా ఉంచావు. ఒకే చాల్లో కలిపి ఏస్తే?”

“తేనెటీగలు కలిపేస్తాయక్కా. మళ్లీ చీట్లు పడతాయి. మళ్లీ అంతా చెల్లాచెదురు.”

“పడనీ. ఆ చీట్లే కదా ఆయన్ని ముక్కలు చేసింది. ఎప్పుడో ఒక ఏడు ఒక్క మొక్కలో మూడూ పడవా?”

పడవచ్చు. నేను చేత్తో అద్దినా తేనెటీగ అద్దినా చీట్లు తప్పవు, మళ్లీ కలవాలంటే ఉన్న దారి కూడా అదొక్కటే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకదాన్ని ఒకటి తాకకుండా కాపలా కాసిన మనిషిని నేను. ఆ రోజు వద్దనలేదు.

“వేద్దామక్కా. పడొచ్చు. ఏ ఏడు పడుతుందో చెప్పలేను.”

“నేను పోయాక పడితే?” అంది. “దాని వాసన ఇంకెవరికీ తెలవదు కదా. ఎదురుగా కాసినా దాన్ని ఎవరు గుర్తుపడతారు?”

ఆవిడ ఇంకొంచెం అన్నం పెట్టి, పచ్చడి వేసి కలిపి, ముద్ద చేసి నా చేతిలో పెట్టింది.

“ఇది అది కాదు గానీ, దగ్గర దగ్గర ఇట్టానే ఉండేది. ముందు వాసన చూడు. మెల్లగా తిను. గుర్తు పెట్టుకో.”